శాపం రంగు

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. ఆఫీసులో దానికే మర్యాదగా "ప్యాషనేట్" అని పేరు పెట్టారు. ఏ పేరు పెట్టుకున్నా, ఆ చలికాలం నాకు వచ్చిన కోపం అంతకు ముందు వచ్చినవాటి లాంటిది కాదు. మామూలుగా నా కోపం పాలపొంగు లాంటిది. స్టవ్ కట్టేస్తే దిగిపోతుంది. ఇది దిగలేదు. రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

ముందు నేను చేసే పనేమిటో చెప్పాలి. టొరంటోలో ఒక వీడియో గేముల కంపెనీలో పని చేస్తాను. గేములో ఒక మనిషి చూస్తూ చూస్తుండగానే రాయి అయిపోతాడు, మంచులా గడ్డకడతాడు, బూడిదై రాలిపోతాడు. ఆ మనిషిని ఒకరు చేస్తారు, ఆ రాయిని ఇంకొకరు చేస్తారు. మనిషి రాయిగా మారే ఆ రెండు మూడు సెకన్లు నేను చేస్తాను. ముందు వేలికొసలు మారాలా, పెదాలు మారాలా, మారుతున్న అంచున నిప్పురవ్వలు ఎగరాలా, పొడి రాలాలా, అదంతా నా నెత్తిన. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఒక గృహప్రవేశంలో ఒక ఆంటీకి ఈ సంగతంతా పది నిమిషాలు వివరించాను. ఆవిడ ఓపిగ్గా విని, "అంటే బొమ్మలకి మేకప్పా అమ్మా?" అన్నారు. ఒళ్ళు మండింది. ఆవిడ అన్నదే నిజమని ఆ తర్వాత నాలుగు నెలలకి తేలింది.

అప్పుడు చేస్తున్న గేములో ఒక పిల్ల ఉంది. పన్నెండేళ్ళది, నది ఒడ్డున బతికే జనంలో పుట్టింది. కథలో ఆ పిల్లకి శాపం తగులుతుంది. ఆట ఆడేవాళ్ళు నానా తంటాలూ పడి ఆమెను నది దాకా తీసుకెళ్ళి నీళ్ళలో దింపితే శాపం వదులుతుంది. గేము మొత్తానికి ఆయువుపట్టు అదే. ఆ వదలడం నేను చేయాలి. పిల్ల బొమ్మని గీసింది మా టీములో ఉన్న ఒక జమైకా వాళ్ళమ్మాయి. నా కన్నా పదేళ్ళు చిన్నది, ఎక్కువ మాట్లాడదు. పిల్ల ఒంటికి బాగా కాగిన బెల్లం పాకం రంగు వేసింది. బొమ్మ చూసిన రోజున నాకు ఎంత ముచ్చటేసిందో! నా చిన్నప్పుడు ఏ ఆటలోనూ ఏ బొమ్మల పుస్తకంలోనూ ఆ రంగు పిల్ల కథానాయిక కాదు.

ఇలాంటి పనికి లోపల ఉండేది ఒకే ఒక అంకె. సున్నా దగ్గర శాపం, ఒకటి దగ్గర శాపవిమోచనం. మధ్యలో ఒంటి మీద ఏ చోటు ముందు మారాలి, ఏ చోటు తర్వాత మారాలి అని చెప్పడానికి మబ్బు పట్టినట్టుండే ఒక నలుపు తెలుపు బొమ్మ ఉంటుంది. స్క్రీన్ పక్కన ఒక స్లైడర్ ఉంటుంది. దాన్ని మౌస్‌తో అటూ ఇటూ లాగితే పిల్ల శాపంలోకి పోతూ వస్తూ ఉంటుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మూడు వారాలు పట్టినా కుదరలేదు. మొదట చేసింది చూసి మా టీము లీడ్ కాగితం కాలినట్టుందన్నాడు. రెండోది పెయింట్ డబ్బా ఒలికినట్టుందన్నాడు. మూడోది చూసి ఊరికే గడ్డం గోక్కున్నాడు.

ఒక శనివారం పొద్దున, ఇంట్లో మా అత్తయ్య మా అమ్మాయికి నలుగు పెడుతున్నారు. ఆవిడ మా దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. వచ్చిన మొదటి వారం నుంచీ శనివారాలు నలుగు తప్పలేదు. ముందు నూనె, తర్వాత సున్నిపిండి. పెసలు, శనగలు, పసుపు, బావంచాలు అన్నీ బ్రాంప్టన్‌లో కొనిపించి, ఇంట్లో మిక్సీలో వేసి, స్టీలు డబ్బాలో పోసి పెట్టుకుంటారు. మా అమ్మాయికి పదకొండేళ్ళు. నా రంగు వచ్చింది. మా ఆయనదీ కాదు, అత్తయ్యదీ కాదు, అచ్చంగా నాదే. పుట్టిన రోజున ఆస్పత్రి నుంచి వీడియో కాల్‌లో చూపిస్తే అత్తయ్య కాసేపు చూసి, "పోన్లే, ముక్కు మా వాడిది" అన్నారు.

బాత్రూము తలుపు తీసే ఉంది. అత్తయ్య చేతి కింద సున్నిపిండి నలిగి సన్నటి ఉండలై, మురికితో కలిసి నల్లబడి రాలుతోంది. రాలిన చోట చర్మం తడిగా, పసుపుపచ్చగా మెరుస్తోంది. "చూశావా ఎంత నలుపు దిగిందో!" అని అత్తయ్య ఆ ఉండల్ని అరచేతిలో పోగేసి పిల్లకి చూపించారు. ఆ మాట నా చెవిన పడింది. ఇన్నేళ్ళూ పడుతూనే ఉంది కాబట్టి ఇబ్బందిగా కూడా అనిపించలేదు. నా కళ్ళు ఆ రాలడం మీదే ఉన్నాయి. ఇదే కదా నాకు కావలసింది! వెంటనే ఫోన్ తెచ్చి అత్తయ్య చేతుల్ని వీడియో తీశాను.

దాన్ని చూస్తూ వారంలో పని పూర్తి చేశాను. పిల్ల నీళ్ళలో దిగగానే మోచేతుల దగ్గర మొదలై, శాపం చిన్న చిన్న ఉండలుగా నలిగి నీళ్ళలో రాలిపోతుంది. అది మెడ మీదికి, బుగ్గల మీదికి పాకుతుంది. చివరికి నుదురు. రాలిన చోటల్లా కింద కొత్త చర్మం మెరుస్తుంది. మీటింగ్‌లో చూపిస్తే చప్పట్లు కొట్టారు. ఎక్కడి నుంచి వచ్చింది ఈ ఐడియా అని లీడ్ అడిగాడు. నేను పొంగిపోయి, ఇది మా ఇంటి ఆచారమని, తరతరాలుగా అమ్మమ్మలూ నానమ్మలూ పిల్లలకి చేసేదని చెప్పి, ఫోన్‌లో వీడియో కూడా చూపించాను. అందరూ గుళ్ళో హారతి కళ్ళకద్దుకున్నంత భక్తిగా తలలూపారు. జమైకా వాళ్ళమ్మాయి కూడా ఊపింది.

ఇక నవంబరులో వచ్చిన ఆ శుక్రవారం. టీచర్లకి ఏవో శిక్షణలున్నాయని ఇక్కడ ఏడాదికి కొన్ని శుక్రవారాలు బళ్ళు మూసేస్తారు, పీఏ డే అంటారు. మా అమ్మాయి నాతో ఆఫీసుకి వస్తానని గోల పెట్టింది. ఇద్దరం మేముండే మిల్టన్‌లో పొద్దున్నే ట్రైన్ ఎక్కి వెళ్ళాం. నా రెండో మానిటర్ మీద నది సీను తెరిచి, స్లైడర్ ఎలా లాగాలో చూపించి, నేను మెయిళ్ళు చూసుకుంటున్నాను. కాసేపు "వావ్", "యక్" అంటూ ఆడుకుంది. తర్వాత చప్పుడు లేదు.

తిరిగి చూశాను. హుడీ చెయ్యి మోచేతి దాకా మడిచి, ఎడమ చేతిని స్క్రీన్‌కి ఆనించి పెట్టింది. కుడి చేత్తో మౌస్ పట్టుకుని స్లైడర్‌ని కొంచెం కొంచెంగా జరుపుతోంది. చీరకి మ్యాచింగ్ జాకెట్ గుడ్డ వెతికినట్టు తన చేతినీ ఆ పిల్ల చేతినీ పక్కపక్కన పెట్టి చూస్తోంది. స్లైడర్ సున్నా పక్కనే ఆగింది.

"అమ్మా, లుక్. దిస్ ఈజ్ మీ," అంది. నవ్వుతూనే అంది. "సో ఐ హ్యావ్ ద కర్స్."

"చెయ్యి తియ్యి, స్క్రీన్ మీద మరకలు పడతాయి" అన్నాను.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. మరకలు! ఆ మాట తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది. అది చేయి తీసేసింది. హుడీ చెయ్యి కిందికి లాక్కుంది. సాయంత్రం ట్రైన్‌లో కిటికీకి తల ఆనించి పడుకుంది. నిద్ర పోలేదని నాకు తెలుసు, నేను కూడా పలకరించలేదు.

మర్నాడు శనివారం. మా అమ్మాయి నలుగంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. ప్రతి వారం నానమ్మతో బేరాలే. ఆ రోజు బేరాల్లేవు. నేను వంటింట్లో కాఫీ కలుపుతుంటే మేడ మీద నుంచి దాని గొంతు వినబడింది.

"హార్డర్, నానమ్మా. ఇంకా గట్టిగా రుద్దు."

నేను మెట్లెలా ఎక్కానో నాకు తెలియదు. మోచేతుల దగ్గర చర్మం కమిలిపోయి ఉంది. పిల్ల పళ్ళు బిగించుకుని కూర్చుంది.

"చాలు, ఆపండి!" అని అరిచాను.

"ఏంటే ఆ అరుపు? పిల్లే రుద్దమంది" అన్నారు అత్తయ్య.

"పిల్ల అడిగితే తోలూడేదాకా రుద్దుతారా అత్తయ్యా?"

"ఇన్నాళ్ళూ లేని తప్పు ఇవాళెక్కడి నుంచి పుట్టుకొచ్చింది? మొన్న నువ్వే కదా నా చేతులు వీడియో తీసి, ఆఫీసులో చూపించి చప్పట్లు కొట్టించుకున్నావు?"

జవాబు లేనప్పుడు నాకు కోపం రెట్టింపవుతుంది. సున్నిపిండి డబ్బా తీసుకెళ్ళి తడిచెత్త వేసే గ్రీన్ బిన్‌లో బోర్లించాను. అంత కోపంలోనూ డబ్బా మాత్రం కడిగి బోర్లించిపెట్టాను, మంచి స్టీలు డబ్బా. వెనక నుంచి మా అమ్మాయి టవల్ చుట్టుకుని వచ్చి, మోకాళ్ళకి అంటిన పసుపుతో నిలబడి, "ఇట్స్ ఓకే అమ్మా, ఐ వాంట్ ఇట్" అంది. నన్ను సముదాయిస్తోంది! పదకొండేళ్ళ పిల్ల, తన ఒంటి రంగు గురించి నన్ను సముదాయిస్తోంది.

ఆదివారమంతా మా కంపెనీని తిట్టుకున్నాను. అంట్లు తోముతూ తిట్టాను, బట్టలు మడతపెడుతూ తిట్టాను. వీళ్ళకి ఎప్పుడూ ఇదే బుద్ధి. బెల్లం రంగు పిల్లని పెట్టామని గొప్పలు చెప్పుకుంటారు, తీరా శాపం వదిలేసరికి తెల్లపిల్లని చేస్తారు. లైటింగ్ వాళ్ళెవరో నా వెనకాల వేలు పెట్టి ఉంటారు. లేకపోతే లీడ్ మార్పించి ఉంటాడు. మా ఆయన పేపర్ లోంచి తలెత్తకుండా, "ముందు కనుక్కో, ఆ తర్వాత తిట్టు" అన్నాడు. ఆయన్ని కూడా తిట్టాను.

సోమవారం పొద్దున కోటు కూడా విప్పకుండా ఆ ఫైలు చరిత్ర తెరిచాను. మా దగ్గర ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నా వాళ్ళ పేరు, రోజు, ఏం చేశారో ఒక లైను, అన్నీ నమోదై ఉంటాయి. దొంగ దొరుకుతాడని కిందికి జరుపుతూ పోయాను. మొదటి పేరు నాది. రెండోదీ నాదే. చివరిదాకా నా పేరు తప్ప ఇంకొకరి పేరు లేదు.

ఒక్కొక్క లైనూ తెరిచి చూశాను. సున్నా దగ్గర, అంటే శాపం దగ్గర, ఉన్నది జమైకా వాళ్ళమ్మాయి గీసి ఇచ్చిన అసలు రంగే. దాని మీద నేను కాస్త మట్టిపొడి చల్లాను, అంతే. ఒకటి దగ్గర, శాపం వదిలాక ఉన్న రంగు నేను కలిపింది. నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. నలుగు పెట్టాక చర్మం ఎలా ఉండాలని నా చేతికి అలవాటో అలా కలిపాను. ఆ రోజు మార్పు పక్కన నేను రాసిన నోటు రెండే మాటలు. స్కిన్ క్లీనప్.

అప్పుడు గుర్తొచ్చాడు మా ఊరి ఫోటో స్టూడియో ఆయన. ఇక్కడ గ్వెల్ఫ్‌లో చదువుకి వీసా అప్లై చేసినప్పుడు ఆయన దగ్గరే ఫోటో తీయించుకున్నాను. ఫోటో మార్చినట్టుంది, కొత్తది పంపండి అని అప్లికేషన్ వెనక్కొచ్చింది. బజారులో నలుగురూ చూస్తుండగా ఆయన మీద విరుచుకుపడ్డాను. "కొంచెం తెలుపు కలిపానమ్మా, బాగుంటావని. అందరికీ కలుపుతాను, ఇంతవరకూ వద్దన్నవాళ్ళు లేరు" అన్నాడు పాపం, నిజంగానే నొచ్చుకుని. ఇక్కడికి వచ్చాక ఎన్ని పార్టీల్లో చెప్పి నవ్వించానో ఆ కథ. కెనడా ప్రభుత్వానికి నా అసలు రంగే ముద్దొచ్చింది అనేదాన్ని. ఆయనకీ నాకూ తేడా ఏమిటి? ఆయన ఒక్కొక్క ఫోటోకి కలిపాడు. నేను లక్షల మంది పిల్లలు ఆడబోయే బొమ్మకి కలిపాను. పైగా ఆయన అభిమానంతో చేశాడని తెలిసి కూడా నేను బజారున పడేశాను.

తిన్నగా జమైకా వాళ్ళమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఈ మాటలన్నీ ఇంగ్లిష్‌లో జరిగాయి.

"నీ పిల్ల రంగు మార్చేశాను. నువ్వు చూడలేదా?" అన్నాను.

"మొదటి రోజే చూశాను" అంది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "ఏమని చెప్పను? మీ ఇంటి ఆచారమన్నావు. మీ అత్తగారి చేతులు చూపించావు. ఆ రంగు కలపడానికి నాకు మూడు రోజులు పట్టింది. నువ్వు దాన్ని జబ్బు చేశావు. అది నీ సంప్రదాయమైతే, కాదనడానికి నేనెవర్ని?"

ఆరు వారాలుగా ఆ అమ్మాయి కోపాన్ని దిగమింగుకుని నా ఎదురు సీట్లో కూర్చుంది. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పింది. నాలాంటి దానికైతే ఒక్క పూట కూడా సాధ్యం కాదు.

ఇద్దరం కలిసి లీడ్ దగ్గరికి వెళ్ళాం. మార్చాలన్నాను. అతను మంచివాడే. ఆ మంచితనమే నాకు ఆ రోజు ఎక్కువ చిర్రెత్తించింది. ట్రైలర్ అప్పటికే తయారై వెళ్ళిపోయిందన్నాడు. చిన్న స్క్రీన్ మీద కూడా తేడా ఇట్టే తెలుస్తోంది, ఇంత బాగా వచ్చిన దాన్ని ఎందుకు చెడగొట్టడమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిజం చెప్పాలంటే రంగు సంగతి మాకూ అనుమానం వచ్చింది. కానీ చేసింది నువ్వు కదా. నువ్వు చేశావంటే తప్పుండదని వదిలేశాం" అన్నాడు.

నా ఒంటి రంగు వాళ్ళకి అనుమతిపత్రమైందన్న మాట. నాకు తల తిరిగిపోయింది. "సిగ్గులేదూ?" అని తెలుగులో అరిచాను. అద్దాల గది అవతల ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. అంటే ఏమిటని లీడ్ అడిగాడు. "తర్జుమా అక్కర్లేదనుకుంటా" అంది జమైకా వాళ్ళమ్మాయి. నేను ఆ మాట ఎవరిని అన్నానో అక్కడున్న ఇద్దరికీ తెలియదు. నాకు తెలుసు.

ట్రైలర్ ఎలాగూ మార్చలేం, గేములో మార్చడానికి శుక్రవారం దాకా టైం ఇస్తానన్నాడు. ఒక షరతు. శాపానికీ విమోచనానికీ తేడా ఇప్పటిలాగే ఒక్క చూపులో తెలియాలి. తెలియకపోతే పాతదే ఉంటుంది.

రెండు రోజులు కుస్తీ పట్టాను. శాపాన్ని ఇంకా నల్లగా చేస్తే మళ్ళీ మొదటికే వచ్చింది. రెండు వైపులా ఒకే రంగు పెట్టి మెరుపు మాత్రం మారిస్తే, నాకు తేడా కనబడటం లేదన్నాడు లీడ్. పదమూడేళ్ళుగా మనుషుల్ని రాళ్ళు చేస్తున్నాను, మంచు చేస్తున్నాను. మా ఇంట్లో పిల్ల రంగులో ఉన్న చర్మం ఆరోగ్యంగా ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. దాన్ని ఎన్నడూ సరిగ్గా చూడలేదు. దిద్దవలసిన దానిలాగే చూశాను.

బుధవారం ఇంటి నుంచి పని చేస్తున్నాను. మధ్యాహ్నం మా అమ్మాయి స్కూల్ బస్ దిగి వచ్చింది. చలికి వేసుకునే చేతితొడుగులు ఎక్కడో పారేసుకుంది. బయట గాలికి చేతులు రెండూ ఎండిపోయి, వేళ్ళ కణుపుల దగ్గర తెల్లగా పొడి లేచి ఉన్నాయి. అత్తయ్య చూసి గుండెలు బాదుకున్నారు.

"అయ్యో అయ్యో, ఎలా పాలిపోయాయో చూడు! బూడిద పూసుకొచ్చినట్టుంది. రా ఇలా."

కొబ్బరి నూనె సీసా పొయ్యి పక్కన కాస్త వెచ్చచేసి, పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మణికట్టు నుంచి వేళ్ళ దాకా మెల్లగా రాశారు. తెల్లటి పొడి అంతా లోపలికి ఇంకిపోయి, కింద నుంచి రంగు పైకి వచ్చింది. ముదురు రంగు. చిక్కటి రంగు. కణుపుల మీద కిటికీ వెలుతురు నిలబడింది.

"హమ్మయ్య, ఇప్పుడొచ్చింది కళ" అన్నారు అత్తయ్య.

ఆవిడ కళ అన్నది ఆ నలుపునే. ఆవిడ గమనించలేదు. గమనిస్తే ఎక్కడ మాట వెనక్కి తీసుకుంటారోనని నేను కూడా చెప్పలేదు. ఫోన్ తెచ్చి, "అత్తయ్యా, రెండో చేతికి కాస్త నెమ్మదిగా రాయండి" అన్నాను.

"మళ్ళీ వీడియోనా? ఈసారి ఎవరి మీద అరుస్తావే తల్లీ?" అన్నారు ఆవిడ. కానీ నెమ్మదిగానే రాశారు. మా అమ్మాయి మాత్రం ఫోన్ చూడగానే రెండో చేతిని హుడీ జేబులో దాచుకుంది. నానమ్మ బయటికి లాగాల్సివచ్చింది.

శుక్రవారానికి పూర్తి చేశాను. శాపం ఇప్పుడు తెల్లబారిన, ఎండి పెచ్చులు లేచిన బూడిద పొర. పిల్ల నీళ్ళలో దిగగానే అది ఇంకిపోతుంది, కింద నుంచి బెల్లం పాకం రంగు పొంగి వస్తుంది. జమైకా వాళ్ళమ్మాయి గీసిన రంగే, ఒక్క పిసరు కూడా తేడా లేకుండా. లీడ్ రెండు సార్లు చూశాడు. "ఇది ఇంకా బాగా తెలుస్తోంది" అన్నాడు, ఏదో తనకే తట్టినట్టు. జమైకా వాళ్ళమ్మాయి తన కంప్యూటర్లో రంగుల అంకెలు సరిచూసుకుని తల ఊపింది. ఈసారి ఊపు వేరు. అయినా నాతో మధ్యాహ్నం భోజనానికి రావడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. ఆమెది న్యాయమే.

డిసెంబరులో ట్రైలర్ వచ్చింది. అందులో పాతదే. అత్తయ్య గర్వంగా అందరికీ ఫార్వర్డ్ చేశారు. వరసపెట్టి ఫోన్లు. "మీ కోడలు భలే చేసిందండీ, పిల్ల చివర్లో ఎంత తెల్లగా తేలిందో!" అందరిదీ అదే మాట. స్పీకర్లో పెట్టి మరీ వినిపించారు. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ పళ్ళు నూరుకున్నాను. ఏమని దెబ్బలాడను? వాళ్ళు నేను చేసిందాన్నే మెచ్చుకుంటున్నారు. మా అమ్మాయి సోఫాలో కూర్చుని ట్రైలర్ ఒక్కసారి చూసి పైకి వెళ్ళిపోయింది. ఇంట్లో హీటర్ ఎంత వేడిగా తిరుగుతున్నా అది అప్పటికి నెల రోజులుగా పొడుగు చేతుల బట్టలు తప్ప వేసుకోవడం లేదు. నలుగు లేదు, సున్నిపిండి లేదు, అత్తయ్య ఆ ఊసే ఎత్తడం లేదు. చేతులు మాత్రం బయటికి రాలేదు.

ఫిబ్రవరిలో మళ్ళీ పీఏ డే వచ్చింది. ఆఫీసుకి రమ్మంటే రానంది. బతిమాలి, బెదిరించి, లంచ్‌కి నూడుల్స్ కొనిపెడతానని ఆశపెట్టి తీసుకెళ్ళాను. అదే మానిటర్, అదే నది. "ఒక్కసారి లాగి చూడు" అన్నాను.

లాగింది. సున్నా నుంచి ఒకటి దాకా. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. నాలుగైదు సార్లు చూశాక నెమ్మదిగా హుడీ చెయ్యి మడిచి స్క్రీన్‌కి ఆనించింది. ఈసారి స్లైడర్ ఒకటి దగ్గర ఆగింది. ఇప్పుడు నన్ను వాటేసుకుంటుందని అనుకున్నాను. నిజం ఒప్పుకోవాలంటే, అందుకోసమే తీసుకొచ్చాను.

"ఎప్పుడు చేంజ్ చేశావు?" అంది స్క్రీన్ మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

"నవంబరులో. నువ్వొచ్చి వెళ్ళిన తర్వాత."

దానికి తెలుగులో మాట్లాడటం బద్ధకం, ఎప్పుడో గాని పూర్తి వాక్యం రాదు. ఆ రోజు వచ్చింది.

"నేను ఆ రోజు రాకపోయుంటే?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. లీడ్ ఉన్నాడు, ట్రైలర్ ఉంది, అత్తయ్య ఉన్నారు, ఫోటో స్టూడియో ఆయన ఉన్నాడు, నన్ను కూర్చోబెట్టి రుద్దిన మా అమ్మ ఉంది. ఒక్కొక్కటే నాలుక చివరిదాకా వచ్చింది.

"అలాగే ఉండేది" అన్నాను.

అది గిర్రున నా వైపు తిరిగింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ముక్కు వాళ్ళ నాన్నది, అదురు నాది. "యూ హ్యావ్ ద సేమ్ స్కిన్, అమ్మా! యూ హ్యాడ్ ఇట్ ఫస్ట్!" అని గట్టిగా అరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఎదురు సీట్లో జమైకా వాళ్ళమ్మాయి హెడ్‌ఫోన్లు తీసింది. నేను నోరెత్తలేదు. నోరెత్తకుండా ఉండటం నా జన్మలో అదే మొదటిసారి అనుకుంటాను.

ఆ రోజు నూడుల్స్ తినలేదు. సాయంత్రం ట్రైన్‌లో నా పక్కన కూర్చోకుండా నడిచే దారికి అటువైపు సీట్లో కూర్చుంది. చేతులు కట్టుకుని, మొహం గంటు పెట్టుకుని, నన్ను చూస్తే చూపుతోనే కాల్చేసేలా ఉంది. ఇన్ని నెలలూ ఆ చూపుని అది తన చేతుల మీదే పెట్టింది. మోచేతుల దాకా మడిచిన హుడీ చేతులు మిల్టన్ వచ్చేదాకా అలాగే ఉన్నాయి. రైలు పెట్టెలో చలిగానే ఉంది. దించుకోమని నేను చెప్పలేదు.